సముద్రమత్స్యముల శుక్రకణచలనము: అయానుద్వారములు

సముద్రమత్స్యములలోఁ బెక్కింటికి ఫలదీకరణము దేహమునకు వెలుపల నీటియందే జరుగును. మగచేఁప శుక్రకణములు వృషణమునందున్నంత దనుక నిశ్చలములై యుండి, కడలినీటఁ బడినతోడనే తోఁకలాడించి యీఁదనారంభించును. ఈ చలనమునకు వ్యవధి స్వల్పము. పెక్కుజాతులయందుఁ గొలఁది నిమిషములే. అంతలోఁ గణమునందలి శక్తి తఱిగిపోవును. ముందుగాఁ గదలినచో అండమును జేరకమున్నే యలసిపోవును. కదలకున్న సంతానమే లేదు. కడలిని జేరితినని యా కణమునకెట్లు తెలియును?

ఉప్పే సంకేతమని తొలుతఁ దోఁచుట సహజము. అది సరికాదు. ట్రౌటు చేఁప శుక్రద్రవమునందలి పొటాసియమే కణములను గదలనీయదని 1938లో ష్లెంక్, కాహ్మన్ అనువారు చూపిరి. ద్రవము నీటఁ గలసి పలుచనైనంతనే యా కట్టు వీడును. సముద్రమత్స్యముల తీరు వేఱు. 1980లో మొరిసావా, సుజుకీ అను జపాను శాస్త్రజ్ఞులు, వీనికిఁ గావలసినది ఫలానా లవణము గాదనియు, పరిసరద్రవము దేహద్రవముకంటె మిక్కిలి చిక్కనిదై యుండుటయే చాలుననియు నిరూపించిరి. లవణము లేక చక్కెరజాతి పదార్థము మాత్రమే కల చిక్కని ద్రావణమునందును కణములు కదలెను. శుక్రద్రవపు సాంద్రత సుమారు 300 మిల్లీఆస్మోలులు. సముద్రజలమునది 1,000కు పైఁబడినది. మంచినీటి గండుచేఁప జాతులయందో, దీనికి సరిగా విపరీతము: పలుచనినీరే మేల్కొలుపును.

చిక్కని నీటఁ బడిన కణమునుండి నీరు వెలికిఁ బోవును; కణము ముడుచుకొనును. మధ్యధరాసముద్రపు స్పారస్ ఔరాటా అను చేఁప శుక్రకణపు పొరయందు నీరు పోవుటకుఁ బ్రత్యేకమైన ఆక్వాపోరినులు కలవనియు, వీనిని నిరోధించు పాదరసలవణము చలనమును గూడ నడ్డగించుననియు 2009 నాఁటికిఁ దేలెను. నీరు తఱుగఁగా లోపలి పొటాసియపు సాంద్రత హెచ్చును. జపానువారు ఫుగు అను చేఁప (బెదరించిన బంతివలె నుబ్బునది) విషయమున 1993, 1995 సంవత్సరములలోఁ బ్రకటించిన పరిశోధనములయందుఁ గాల్సియము, పొటాసియము, క్షారత యను మూఁడును కణమునందు హెచ్చుట కనఁబడినది. తోఁకను నడపు యంత్రమున కాజ్ఞ యందుట యీ మార్పులచేతనే.

అయాన్లు పొర దాఁటుటకు మార్గములుండవలెనుగదా. ఇంగ్లీషున ‘ఛానెల్’ అనఁబడు వీనిని ‘కాలువ’ యని తెనిఁగించుట యుక్తముగాఁ దోఁపదు. కాలువ యెల్లప్పుడు పాఱును. ఇవి తెఱచుకొనును, మూసికొనును. ‘ద్వార’ మనుటయే మేలు. పొర సాగుటను, ముడుగుటను గ్రహించి తెఱచుకొను ద్వారములను గాడోలినియ మను లోహపు అయాను మూసివేయును. అది సముద్రమత్స్యముల శుక్రకణములనే కాక మంచినీటి మత్స్యముల వానిని గూడ నడ్డగించెననియు, మానవశుక్రకణముల నేమియుఁ జేయలేదనియు 2003లోఁ బ్రకటితమయ్యెను. ఇది విలువగల సాక్ష్యమే. కాని గాడోలినియ మితర ద్వారములను గూడ మూయఁగలదు గనుక, దీనినొక్కదానినిఁ బట్టి తీర్పు చెప్పరాదు. మానవాది స్తన్యపాయులయందుఁ గాల్సియమును లోనికి విడుచు ‘క్యాట్‌స్పర్’ ద్వారము 2001లోఁ గనుఁగొనఁబడెను. దాని జన్యువులు పెక్కు అస్థిమత్స్యములలోఁ గానరావు. కావున నొకజాతి ద్వారమును మఱియొకజాతి కారోపించుట తగదు.

పసిఫిక్ హెర్రింగు చేఁప యీ నియమమునే తలక్రిందులు చేయును. దాని శుక్రకణములు సముద్రజలమునఁ బడినను దాదాపు నిశ్చలముగానే యుండును. అండమునందు శుక్రకణము దూఱు చిన్నరంధ్రమొకటి కలదు. దాని చెంత నున్న యొక పదార్థము తగిలినపుడే యవి చలించును. అపుడు పొరయొక్క విద్యుత్స్థితి మాఱును. సోడియము వెలికిఁ బోయి, దానికి బదులుగాఁ గాల్సియము లోనికి వచ్చునని 2002లో అమెరికా పరిశోధకులు నిర్ణయించిరి. ఇది ద్వారము గాదు, వినిమయము: ఒకటిచ్చి యొకటి పుచ్చుకొనునది. అయినను వోల్టేజినిఁ బట్టి తెఱచుకొను కాల్సియపు ద్వారములను నిరోధించు మందులును హెర్రింగు కణముల చలనమును దగ్గించుటచే, వినిమయముతోపాటు ద్వారములకును బాత్రము గలదని తలఁచుట కవకాశమున్నది.