ఎర్రమట్టి దిబ్బలు

పెనుగొండ పేరులో కొండ ఉన్నను, ఊరి చుట్టును కనిపించునవి వరిచేలే. అచ్చటి నేల గోదావరి తెచ్చి పరచిన ఒండ్రుమట్టి. ఆ ఊరినుండి బయలుదేరి, సిద్ధాంతము వద్ద వసిష్ఠను, రావులపాలెము ఆవల గౌతమిని దాటి, తుని, విశాఖపట్టణముల మీదుగా భీమునిపట్టణము పోవు విద్యార్థులు దారిలో దిగి, కాలినడకను తిరిగి చూడదగిన స్థలమొకటి కలదు. విశాఖకు ఈశాన్యముగా సుమారు 20 కిలోమీటర్ల దూరమున, సముద్రతీరము వెంట దాదాపు 5 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్న ఎర్రమట్టి దిబ్బలే అవి. 1886లోనే విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు వీటిని గుర్తించెను.

దిబ్బల నడుమ వంకలు లోతుగా కోసుకొనిపోయినవి. ఇరుప్రక్కల ఎర్రని గోడలు నిట్టనిలువుగా నిలిచియుండును. చూపునకివి రాళ్లవలె తోచును. కాని గోటితో గీరినచో ఇసుక రాలును. ఇవి శిలలు కావు. ఇంకను శిలగా మారని ఇసుక.

ఈ ఇసుక ఎచ్చటిది?

తూర్పుకనుమలలో ఖొండలైట్ అను శిల విస్తారముగా ఉన్నది. అది శిథిలము కాగా వచ్చిన ఇసుకను వాగులు సముద్రమునకు చేర్చినవి. సుమారు 20,000 సంవత్సరముల క్రిందట, హిమయుగమున, భూమిమీది నీటిలో కొంత భాగము ఉత్తర ఖండములపై మంచుగా పేరుకొనెను. సముద్రమట్టము నేటికంటె సుమారు 120 మీటర్లు తగ్గెను. బయటపడిన సముద్రగర్భమునుండి గాలి ఇసుకను ఎత్తి తెచ్చి ఇచ్చట కుప్పలు పోసినదని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

ఎరుపు ఎట్లు వచ్చినది?

ఇసుకలో హెచ్చుభాగము క్వార్ట్జ్. దానికి ఎరుపు లేదు. కాని దానితో కలిసియున్న గార్నెట్, ఇల్మనైట్ వంటి ఖనిజములలో ఇనుము కలదు. వాననీరు దిబ్బలోనికి ఇంకి, ఆ ఖనిజములను మెల్లగా కరగించును. విడివడిన ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, హెమటైట్ అను ఎర్రని పూతగా ప్రతి రేణువునకు అంటుకొనును. ఇనుప మేకు త్రుప్పుపట్టుట వంటిదే ఈ మార్పు.

మరి పెనుగొండ చేలమట్టిలో ఇనుము లేదా? ఉన్నది. నీరు నిలిచిన చేలోనికి గాలి చొరదు; అందుచే అచ్చటి ఇనుము ఎర్రబారదు, బురద బూడిదవన్నెతో నుండును. కాని వరివేళ్లు తమ చుట్టు కొంత ఆక్సిజన్‌ను విడుచును. వరిమొక్కను పెరికి చూచినచో, వేళ్లపై త్రుప్పు రంగు పూత కనిపించును. దిబ్బలంతటను జరిగినదే ఆ వేరు చుట్టును జరిగినది.

అమెరికాలోని జయన్ లోయయందలి ఎర్రరాతి గోడలు కూడ ఒకప్పటి ఇసుక దిబ్బలే. వాటి రంగునకును ఇనుమే కారణము. కాని అవి కోట్ల సంవత్సరములు భూగర్భమున అణగి గట్టిపడినవి. భీమిలి దిబ్బలకు అంత వయస్సు లేదు.

వంకల సంగతి

ఎండినప్పుడు బంకమన్ను, ఇనుపపూత రేణువులను పట్టి ఉంచును, గోడ నిలుచును. వాన పడగానే ఆ పట్టు సడలును. పాఠశాల ఆవరణలో ఇసుకకు కొంచెము బంకమన్ను కలిపి కుప్పచేసి, పూలమొక్కలకు నీరు చల్లు డబ్బాతో నీరు పోయించినచో, చెట్టుకొమ్మలవలె చీలు చిన్న వంకలు కొలది నిమిషములలోనే ఏర్పడును.

ఒక్క వానకే ఇట్లు కరగు దిబ్బలకు మనుష్యుల త్రవ్వకము మరింత హాని. గట్లు త్రవ్వినను, చదును చేసినను, గోడలపైకి ఎగబ్రాకినను పోయిన పొర తిరిగి రాదు. దానిని పోసిన గాలియు, వెనుకకు తగ్గిన సముద్రమును నేడు లేవు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఈ స్థలమును జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించినది. 2025లో ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనికి కూడ ఎక్కినది. చూడవచ్చు విద్యార్థులు నడచుటకు ఏర్పడిన బాటలోనే నడచి, మట్టిని గాక, తాము గీసికొన్న పటములను మాత్రమే వెంట తీసికొనిపోవలెను.