ఒంట్లో వారాలపాటు నిలిచే సల్ఫా

ములుగు అనగానే చాలామందికి మేడారం జాతర గుర్తొస్తుంది. ఆ ములుగు వేరు. ఇది సిద్దిపేట జిల్లా ములుగు. హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని షామీర్‌పేట, తుర్కపల్లి, వంటిమామిడి మీదుగా వస్తే తగులుతుంది, ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. అక్కడ అడవి, దోమలు, మలేరియా. ఇక్కడ కూరగాయల తోటలు, కోళ్ల షెడ్లు. పేరు తప్ప పోలిక లేని ఈ రెండు చోట్లా ఒకే కుటుంబానికి చెందిన మందులు వాడతారు. వాటినే దీర్ఘకాలం పనిచేసే సల్ఫా మందులు అంటారు. మనుషుల వైద్యంలో ఇవి చాలావరకు మరుగున పడ్డాయి. కానీ పూర్తిగా పోలేదు. ఎందుకు మరుగున పడ్డాయో, ఎక్కడ మిగిలాయో తెలిస్తే వాటిని ఎలా వాడాలో కూడా తెలుస్తుంది.

సల్ఫా కథ పెన్సిలిన్ మందుగా వాడుకలోకి రాకముందే మొదలైంది. జర్మనీలోని బేయర్ కంపెనీలో గెర్హార్డ్ డోమాక్ 1932లో ప్రాంటోసిల్ అనే ఎర్రటి రంగు పదార్థం ఎలుకల్ని సూక్ష్మజీవుల బారి నుంచి కాపాడుతోందని గమనించాడు. 1935లో ఆ సంగతి ప్రకటించాడు. పని చేస్తున్నది రంగు కాదని, ఒంట్లో దాన్నుంచి విడివడే సల్ఫనిలమైడ్ అని పారిస్‌లోని పాశ్చర్ సంస్థ వాళ్లు ఆ ఏడాదే తేల్చారు.

సల్ఫా పనితీరు తెలియాలంటే మన భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావును తలుచుకోవాలి. ఆయన పరిశోధనలకు సారథ్యం వహించిన అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలోనే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. కొత్త కణం పుట్టాలంటే ఈ విటమిన్ కావాలి. మనకు అది ఆకుకూరల నుంచి, పప్పుల నుంచి అందుతుంది. చాలా బ్యాక్టీరియాలకు, మలేరియా పరాన్నజీవికి మాత్రం దాన్ని సొంతంగా తయారుచేసుకునే ఏర్పాటు ఉంటుంది. అందుకు కావలసిన ముడిసరుకు పారా అమినో బెంజాయిక్ ఆమ్లం. సల్ఫా అణువు చూడ్డానికి అచ్చం దానిలాగే ఉంటుంది. సూక్ష్మజీవి అసలు సరుకనుకుని దీన్ని పట్టుకుంటుంది, తయారీ ఆగిపోతుంది, సంతతి పెరగదు. మన కణాల్లో ఆ తయారీయే లేదు కాబట్టి మనకు ఆ దెబ్బ తగలదు.

తొలినాటి సల్ఫాలతో చిక్కు ఏమిటంటే అవి గంటల్లోనే మూత్రంలో పోయేవి. రాత్రి నిద్ర లేపి మరీ మాత్ర వేయాల్సి వచ్చేది. పైగా నీళ్లు సరిగా తాగకపోతే మూత్రపిండాల్లో స్ఫటికాలు కట్టేవి. అందుకే 1950లలో ఎక్కువసేపు నిలిచే సల్ఫాల కోసం కంపెనీలు పోటీపడ్డాయి. లెడర్లే కూడా సల్ఫామెథాక్సీపిరిడజిన్‌ను కైనెక్స్ పేరుతో అమ్మింది. అది చూడ్డానికి సుబ్బారావు లేరు, 1948లోనే కన్నుమూశారు.

ఈ కొత్త మందుల గుట్టు రెండు చోట్ల ఉంది. ఇవి రక్తంలోని అల్బుమిన్ అనే మాంసకృత్తికి గట్టిగా అంటుకుంటాయి. మూత్రపిండం దాకా వెళ్లినవి కూడా చాలావరకు తిరిగి రక్తంలోకే వస్తాయి. దుకాణాల్లో సెప్ట్రాన్ పేరుతో దొరికే మాత్రలోని సల్ఫామెథాక్సజోల్ సుమారు పది గంటల్లో సగానికి తగ్గుతుంది. సల్ఫాడైమెథాక్సిన్, సల్ఫామెథాక్సీపిరిడజిన్‌లకు దాదాపు రోజున్నర పడుతుంది. సల్ఫాడాక్సిన్‌కు వారం, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ. ఈ లెక్క కాగితం మీద వేసి చూడండి. వారానికి సగం, రెండు వారాలకు పావు, మూడు వారాలకు రెండణాల వంతు. నెల గడిచినా ఆనవాలు ఉంటుంది.

వరమూ శాపమూ రెండూ ఇక్కడే ఉన్నాయి. మందు పడని మనిషికి ఒళ్లంతా దద్దుర్లు లేస్తే మామూలు మాత్రనైతే ఆపేస్తాం, ఒకటి రెండు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. దీన్ని ఆపినా అది లోపలే ఉంటుంది. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అనే తీవ్రమైన జబ్బులో చర్మం బొబ్బలెక్కి ఊడిపోతుంది, నోరు, కళ్లు పుండ్లు పడతాయి, ప్రాణం కూడా పోవచ్చు. దీర్ఘకాల సల్ఫాలతో ఇలాంటి కేసులు వచ్చాయని 1966లో అమెరికా వైద్య పత్రికలో వివరంగా రాశారు. సల్ఫాడాక్సిన్, పైరిమెథమిన్ కలిపి రోష్ కంపెనీ తెచ్చిన ఫాన్సిడార్‌ను మలేరియా రాకుండా వారానికోసారి వేసుకున్న ప్రయాణికుల్లో కొందరు ఇలాగే చనిపోవడంతో 1985లో అమెరికా ఆరోగ్య శాఖ హెచ్చరించింది. జబ్బు లేని మనిషికి ఇంత ప్రమాదకరమైన మందు నెలల తరబడి వేయడం నా దృష్టిలో తగని పని. జబ్బు వచ్చినవాడికి ఒక్కసారి ఇవ్వడం వేరు.

ఆ ఒక్కసారి వాడకమే మన దేశంలో నిలిచింది. దోమలో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897లో చూసింది సికింద్రాబాద్‌లోనే. ఆ తర్వాత శతాబ్దం దాటినా ఆ జబ్బు ఏజెన్సీని వదల్లేదు. క్లోరోక్విన్ పనిచేయడం మానేశాక, 2010 నుంచి దేశమంతటా ఫాల్సిపేరం మలేరియాకు ఆర్టిసునేట్ మూడు రోజులు, మొదటి రోజున సల్ఫాడాక్సిన్ పైరిమెథమిన్ ఒక్క మోతాదు ఇవ్వాలని జాతీయ విధానం చెప్పింది. ఆర్టిసునేట్ ఎక్కువ భాగం పరాన్నజీవుల్ని త్వరగా చంపి గంటల్లో వెళ్లిపోతుంది. మిగిలినవాటి పని సల్ఫాడాక్సిన్ జోడీ తీరిగ్గా పడుతుంది. అయితే అలా తక్కువ మోతాదులో చాలా రోజులు మిగలడమే మొండి పరాన్నజీవులకు కలిసొచ్చింది. ఈశాన్య రాష్ట్రాల్లో ఈ జోడీ లొంగదీయలేకపోవడంతో 2013లో అక్కడ వేరే మందుకు మారారు.

ఇక్కడే పెద్దగా ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. రక్తం తక్కువగా ఉందని రాసే 5 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం మాత్ర ఈ మందు పనిని దెబ్బతీస్తుంది. మనం అడ్డుకున్న విటమిన్‌ను మనమే పరాన్నజీవికి అందించినట్టవుతుంది. గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చే అర మిల్లీగ్రాము మోతాదుతో అంత పేచీ లేదు.

ఇక సిద్దిపేట వైపు ములుగుకు వద్దాం. కోళ్లలో రక్తపారుడు తెచ్చే ఐమీరియా కూడా ఫోలిక్ ఆమ్లం మీద ఆధారపడ్డ పరాన్నజీవే. ఊక తడిసి షెడ్డులో చెమ్మ పెరిగితే అది విజృంభిస్తుంది. దీనికి సల్ఫాక్వినాక్సలిన్, సల్ఫాడైమెథాక్సిన్ లాంటివి నీళ్లలో కలిపి ఇస్తారు. మోతాదు మించితే, ముఖ్యంగా సల్ఫాక్వినాక్సలిన్‌తో, కోళ్లకు లోపల రక్తస్రావం అవుతుంది. గుడ్డులోని పచ్చసొన రోజుల తరబడి పెరుగుతుంది కాబట్టి మందు ఆపాక పెట్టిన గుడ్లలోనూ శేషం ఉంటుంది. ఆ గుడ్డు సల్ఫా పడని ఇంటికీ చేరవచ్చు.

మందు ఆపాక ఎన్నాళ్లకు గుడ్లూ మాంసమూ అమ్మవచ్చో డబ్బా మీద ముద్రించాలని 2012లో ఔషధ నియమాలకు సవరణ వచ్చింది. ఆ గడువు శాస్త్రీయంగా తేల్చని మందైతే గుడ్లకు, పాలకు కనీసం 7 రోజులు, కోడి మాంసానికి 28 రోజులు ఆగాలి. నియమం స్పష్టంగానే ఉంది. ధర పెరిగిన రోజున, లారీ గేటు ముందు ఆగి ఉన్నప్పుడు దాన్ని పాటించడమే కష్టం.

కోళ్ల రైతులు మందు మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ షెడ్డు పుస్తకంలో రాసుకోవాలి. మనుషుల సంగతికొస్తే, సల్ఫా మాత్ర పడక ఎప్పుడైనా దద్దుర్లొచ్చి ఉంటే ఆ మాట డాక్టరు అడగకముందే చెప్పండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నా చెప్పండి, సల్ఫాతో అలాంటివారి ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. నెలల పసికందులకు వైద్యుడు చెప్పకుండా సల్ఫా మందు ఏదీ వేయకండి. మాత్ర వేసుకున్నాక జ్వరంతోపాటు నోట్లో పుండ్లు, కళ్ల మంట, ఒంటి మీద బొబ్బలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి. మెడికల్ షాపు నుంచి తెచ్చుకున్న ఆ గోలీల అట్ట కూడా వెంట తీసుకెళ్లండి.