మాత్ర వేసుకుంటున్నా ఎందుకీ నీరసం?

థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టి ఏళ్లు గడిచినా ఒంట్లో ఓపిక రాలేదనే ఆడవాళ్లు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే ముంచుకొచ్చే నిద్ర, దువ్వెన నిండా జుట్టు, అందరూ ఫ్యాను వేయమనే వేళ దుప్పటి కప్పుకోవాలనిపించే చలి. ఇంట్లో చెబితే బద్ధకమంటారు. ఆ మాట అన్యాయం. దేశంలోని 8 నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ గ్రంథి మందగించడం, ఉన్నట్టు తేలింది. ఆ నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. ఇంతమందికి ఉన్న జబ్బు, పైగా మందు కూడా ఏ ఊళ్లోనైనా దొరికేదే. మరి ఓపిక ఎక్కడ పోతోంది?

థైరోనార్మ్, ఎల్‌ట్రాక్సిన్, థైరాక్స్... సీసా మీద పేరు ఏదైనా లోపల మందు లీవోథైరాక్సిన్ ఒక్కటే. మన గ్రంథి తయారుచేసే టీ4 హార్మోన్ కూడా అదే. అందుకే ‘ఏ కంపెనీది మంచిది’ అన్న ప్రశ్న కన్నా ‘నాకు ఎంత డోసు, దాన్ని ఎలా వేసుకుంటున్నాను’ అన్న ప్రశ్న ముఖ్యం. గ్రంథి దాదాపుగా పని మానేసినవారికి కిలో బరువుకు రోజుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు అవసరమవుతుంది. వయసు పైబడినవాళ్లకూ, గుండెజబ్బు ఉన్నవాళ్లకూ 12.5 లేదా 25తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికి వారం పడుతుంది. కాబట్టి డోసు మార్చాక, థైరాయిడ్ హార్మోన్ తగ్గితే రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ కుదురుకునే దాకా 6 నుంచి 8 వారాలు ఆగాలి. పది రోజులకే పరీక్ష చేయించి, అంకె తగ్గలేదని మళ్లీ డోసు పెంచుకుంటే, రెండు నెలలకు గుండెదడ, చేతుల వణుకు మొదలవుతాయి. ఎక్కువ డోసు ఏళ్ల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి, పెద్దవయసులో గుండె లయ తప్పుతుంది.

ఇక అసలు చిక్కంతా మన తెల్లవారుజాముల్లో ఉంది. మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా ఏమీ తీసుకోకూడదు. కానీ పాలు పొంగాలి, పిల్లల డబ్బాలు సర్దాలి, అందుకు ముందు గొంతులో కాఫీ పడాలి. మాత్ర మింగిన ఐదు నిమిషాలకే కాఫీ తాగితే మందులో కొంత ఒంటికి పట్టదు. కాల్షియం, ఐరన్ మాత్రలు మరీ అడ్డు. వాటికీ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి. రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర కూడా మందు ఒంటికి పట్టకుండా చేస్తుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఆ మాత్ర సంగతి డాక్టరుకు చెప్పేవాళ్లు తక్కువ. దయచేసి చెప్పండి. పొద్దున ఎడం కుదరదంటే రాత్రి భోజనమైన 3 గంటల తర్వాత, పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. నెదర్లాండ్స్‌లో చేసి 2010లో ప్రచురించిన ప్రయోగంలో రాత్రి మాత్ర పొద్దుటి మాత్ర కన్నా కాస్త మెరుగ్గానే పనిచేసింది. ఏ వేళ ఎంచుకున్నా రోజూ అదే వేళ. ఏకాదశి ఉపవాసమైనా మాత్ర మానొద్దు. రంజాన్ నెలలో వేళ ఎలా మార్చుకోవాలో ముందే అడిగి పెట్టుకోండి.

ఈ మందుకు వేడి, తేమ, వెలుతురు పడవు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో పొయ్యి పక్క గూట్లో పెట్టిన సీసా మీద ఏం నమ్మకం? చల్లని గదిలో, దాని సీసాలోనే, మూత బిగించి ఉంచాలి. షాపతను వేరే కంపెనీది ఇస్తే తీసుకోకూడదనేం లేదు కానీ, 6 వారాలకు పరీక్ష చేయించుకోవాలి. సీసా మీద అంకె చూసుకోవడం మరవొద్దు. 12.5కూ 125కూ తేడా ఒక్క చుక్కే.

జుట్టు రాలుతోందని వేసుకునే బయోటిన్ కొన్ని ల్యాబుల్లో టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది. దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే నీరసం మళ్లీ మొదటికే వస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలి.

ఇవన్నీ పాటించి, టీఎస్‌హెచ్ నిలకడగా ఉన్నా అలసట పోనివాళ్లు కొందరుంటారు. ‘రిపోర్టు నార్మలే, వెళ్లండి’ అంటే వాళ్ల బాధ తీరదు. రక్తహీనత, బి12, విటమిన్ డి లోపం, గురకతో చెడిన నిద్ర, మనసులోని దిగులు... వరుసగా చూడాలి. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసీ హిమోగ్లోబిన్ చూడకుండా థైరాయిడ్ డోసు పెంచడం సరికాదు.

గ్రంథి తయారుచేసే మరో హార్మోన్ టీ3 కూడా కలిపి వాడితే ఓపిక వస్తుందని కొందరు, పంది గ్రంథిని ఎండబెట్టి చేసిన మాత్రే సహజమని కొందరు అంటారు. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ మరే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ రసంతో ఒక మహిళకు వైద్యం చేశాడు, ఆమె మరో 28 ఏళ్లు బతికింది. అప్పటికి అదే దిక్కు. ఇప్పుడు చూస్తే, మన గ్రంథి నుంచి టీ4 సుమారు 14 పాళ్లు వస్తే టీ3 ఒక పాలు. పందిలో ఆ లెక్క 4కు 1. టీ3 కలిపిన మందు అందరికీ మేలు చేస్తుందని ప్రయోగాల్లో రుజువు కాలేదు. ప్రయత్నించాలనుకుంటే ఎండోక్రైనాలజిస్టు పర్యవేక్షణలోనే జరగాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. గర్భం వచ్చిందని తెలిసిన రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. అప్పటికే మాత్ర వాడుతున్నవాళ్లకు డోసు సాధారణంగా 25 నుంచి 30 శాతం పెంచుతారు. బిడ్డకు ఏమవుతుందోనన్న భయంతో కొందరు మాత్ర పూర్తిగా ఆపేస్తారు, అత్తలూ అమ్మలూ ఆపమంటారు. ఆపకూడదు. సగం నెలలు నిండేదాకా దాదాపు నెలకోసారి టీఎస్‌హెచ్ చూస్తారు. కాన్పు కాగానే డోసును పాత స్థాయికి తెచ్చి, 6 వారాలకు మళ్లీ పరీక్షిస్తారు. పాలిచ్చే తల్లులు ఈ మాత్ర నిశ్చింతగా వేసుకోవచ్చు.