వసారా రేకులు: అడుగుతో పాటు తూకమూ చూడాలి

నైరుతి రుతుపవనాలకు ముందు కప్పు రేకులకు చిల్లర గిరాకీ పెరగడం ఏటా వున్నదే. ఇంటి ముందు వసారాకో, మెట్ల మీద నీడకో నాలుగైదు రేకులు పట్టుకుపోయే ఖాతాదారులు ఈ రోజుల్లో ఎక్కువ. మిల్లు ఈ సరుకును టన్నుల లెక్కన అమ్ముతుంది. కొట్లో అది అడుగుల లెక్కన పోతుంది. తూకంలో వచ్చిన సరుకు కొలతలో అమ్ముడయ్యేచోట తేడా ఎవరి నెత్తిన పడుతున్నదన్నదే వర్తకులు ఆలోచించవలసిన విషయం.

జింకు పూతే ప్రాణం

జి.ఐ. రేకులకు ఐ.ఎస్. 277 ప్రమాణం వర్తిస్తుంది. పూతను చదరపు మీటరుకు, రెండు వైపులా కలిపి, గ్రాములలో చెబుతారు. 0.40 మిల్లీమీటర్ల రేకుపై 275 గ్రాముల పూత వుంటే టన్ను సరుకులో సుమారు 80 కిలోలు జింకే. 120 గ్రాముల పూత అయితే 37 కిలోలు మాత్రమే. కిలో జింకు ధర కిలో ఉక్కు ధరకు ఎన్నో రెట్లు. కనుక లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో జింకు ధర ఎగిరినప్పుడల్లా పలచని పూత సరుకు మరింత చౌకగా కనిపిస్తుంది. కొత్తలో రెండూ ఒకేలా మెరుస్తాయి. అయితే పూత సగమైతే ఆయుష్షు కూడా దాదాపు సగమే.

మందంలో మెలిక

రంగు రేకులలో ఎక్కువ భాగం అల్యూమినియం-జింకు మిశ్రమపు పూతవి. 55 శాతం అల్యూమినియం, 43.4 శాతం జింకు, 1.6 శాతం సిలికాన్ గల ఈ పూతను అమెరికాలోని బెత్లెహాం స్టీల్ కంపెనీ 1972లో మార్కెట్‌కు తెచ్చింది. మన దేశంలో దీనికి ఐ.ఎస్. 15961 ప్రమాణం వున్నది. మామూలు వాతావరణంలో అంతే మందం గల జింకు పూత కంటె ఇది ఎక్కువ కాలం నిలుస్తుంది.

‘0.50 రేకు’ అన్నప్పుడు అది పూత, రంగుతో కలిపిన మొత్తం మందమా, లోపలి ఉక్కు మందమా అన్నది తేల్చుకోవాలి. మొదటిదానిని టి.సి.టి. అనీ, రెండవదానిని బి.ఎం.టి. అనీ వ్యవహరిస్తారు. 150 గ్రాముల పూతకు 0.04, రంగుకు సుమారు 0.03 మిల్లీమీటర్లు తీసివేస్తే మిగిలే ఉక్కు 0.43 మాత్రమే.

దీనిని కాటా మీద తేల్చవచ్చును. మడతలు పడిన రేకు వెడల్పు మూడున్నర అడుగులే అయినా, అది 4 అడుగుల కాయిల్ నుంచి తయారైనది. ఆ లెక్కన 10 అడుగుల రేకులో లోపలి ఉక్కు 0.50 అయితే బరువు 15 కిలోలు దాటాలి. మొత్తం మందమే 0.50 అయితే 13 కిలోలకు కాస్త పైన తూగుతుంది. రేకుకు రెండు కిలోల తేడా.

కోస్తాకు ఏది?

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి ఉప్పుగాలి తగిలే చోట్ల పలచని జింకు పూత త్వరగా తినిపోతుంది. అక్కడ అల్యూమినియం రేకు ఖరీదైనా మన్నుతుంది. కిలో ధర చూసి బెదరనక్కరలేదు. అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతే కనుక చదరపు అడుగుకు తేడా తగ్గుతుంది. కాని ఈ లోహం మెత్తన. కోనసీమ తోటల్లో కొబ్బరికాయ పడితే సొట్ట తప్పదు. తడి సిమెంటు తగిలినా దీనికి హాని. గోడ దగ్గర అతుకును సిమెంటుతో పూడ్చే అలవాటు మానాలని కొనేవారికి చెప్పాలి.

బిగింపులో జాగ్రత్త

ఎంత మంచి రేకైనా బిగింపు చెడితే వసారా కారుతుంది. 8 అడుగుల వసారాకు 10 డిగ్రీల వాలు ఇవ్వాలంటే చూరు గోడ దగ్గరి కంటె సుమారు 17 అంగుళాలు దిగాలి. పొడవు సరిపడా ఒకే రేకు కోయించి ఇస్తే నిలువు అతుకు వుండదు. గ్రైండరుతో కోస్తే రవ్వలు పూతను కాలుస్తాయి, పడిన ఇనుపరజను తుప్పు మరకలు తెస్తుంది. కత్తెరతో కోయడమే మేలు. స్క్రూల కింద రబ్బరు వాషర్లు తప్పనిసరి.

గోదాములో తడిసిన కట్టలను అలాగే వుంచితే రేకుల మధ్య తెల్ల తుప్పు పుడుతుంది. అటువంటి సరుకుకు రేటు తగ్గించక తప్పదు. కట్టలను నేలకు ఎత్తుగా, కాస్త ఏటవాలుగా, గాలి ఆడేటట్లు పేర్చాలి.

బిల్లులో అడుగులతో పాటు లోపలి ఉక్కు మందం, పూత గ్రాములు, ఐ.ఎస్. నంబరు, తూకం రాసి ఇచ్చే కొట్టుకు రెండవ సంవత్సరం తగాదా రాదు. పలచని రేకు అమ్మడంలో తప్పేమీ లేదు. నాలుగేళ్ల షెడ్డుకు అది చాలు. పలచనిదని చెప్పి, ఆ ధరకే అమ్మాలి.