విదేశంలో ఒక సెమిస్టర్: సబ్జెక్టులు ఎంచుకోవాల్సింది బయలుదేరక ముందే

"మా అబ్బాయి ఎక్స్ఛేంజ్ మీద జర్మనీ వెళ్తున్నాడు, ప్రార్థన చేయండి" అనే మనవి ఈ మధ్య మన సంఘాల్లోనూ వినబడుతోంది. వీసా కోసం ప్రార్థిస్తాం, ప్రయాణం కోసం ప్రార్థిస్తాం, చలికి తట్టుకోవాలని స్వెట్టరు కొనిపెడతాం. అక్కడ ఏ సబ్జెక్టులు తీసుకుంటున్నావు నాయనా అని మాత్రం ఎవరమూ అడగం. అది కాలేజీవాళ్లు చూసుకుంటారనుకుంటాం. కాలేజీ చూసుకోదు, విద్యార్థే చూసుకోవాలి.

కోస్తా ప్రాంతంలోని ఒక సంఘానికి చెందిన అమ్మాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఒక సెమిస్టర్ కోసం యూరప్ వెళ్లింది. ఐదు సబ్జెక్టులు చదివింది, ఐదూ పాసైంది. తిరిగొచ్చాక కాలేజీ రెండింటికే క్రెడిట్లు ఇచ్చింది. మిగతా మూడింటి సిలబస్ మన సబ్జెక్టులతో సరిపోలడం లేదన్నారు. వెళ్లేముందు అడిగితే "వచ్చాక చూద్దాంలేమ్మా" అన్నారట. ఆ మాట ఏ కాగితం మీదా లేదు. చివరి సంవత్సరంలో ఒకవైపు ప్లేస్‌మెంట్లు జరుగుతుంటే, ఆ అమ్మాయి జూనియర్ల పక్కన కూర్చుని మూడు పరీక్షలు రాసింది. ఆమె తండ్రి ఈ సంగతి మాకు చెప్పి, మిగతా పిల్లలకైనా తెలియజేయండి అన్నారు. అందుకే ఈ వారం ఈ పేజీని దీనికి కేటాయించాం.

ముందుగా ఒక తేడా తెలియాలి. విదేశానికి ఎం.ఎస్. చదవడానికి వెళ్లేవారికి డిగ్రీ అక్కడి యూనివర్సిటీ ఇస్తుంది. ఎక్స్ఛేంజ్ విద్యార్థి విషయం అది కాదు. డిగ్రీ ఇక్కడిదే. రెండు విద్యాసంస్థల మధ్య ఒప్పందం ఉంటుంది, దాని ప్రకారం ఒకటి రెండు సెమిస్టర్లు అక్కడ చదివి వస్తారు. సాధారణంగా ట్యూషన్ ఫీజు ఇక్కడి కాలేజీకే కడతారు. గది అద్దె, తిండి, ఇన్సూరెన్స్ సొంత ఖర్చు, లేదా స్కాలర్‌షిప్ ఉంటే దాంట్లోంచి. కాబట్టి అక్కడ ఎంత గొప్ప సబ్జెక్టు చదివినా, ఇక్కడి డిగ్రీలో దానికి చోటు లేకపోతే మార్కుల మెమోలో అది కనబడదు. ఎంపిక అక్కడి కోర్సుల జాబితాతో కాదు, ఇక్కడి సిలబస్ పుస్తకంతో మొదలుపెట్టాలని మేము చెప్పేది అందుకే.

యూరప్‌లో ఈ ఏర్పాట్లలో పెద్దది 1987లో మొదలైన ఎరాస్మస్ పథకం. యూరప్ వెలుపలి దేశాల యూనివర్సిటీలతో కూడా ఇప్పుడు దాని కింద ఒప్పందాలు ఉన్నాయి. మన పాఠకులకు ఆ పేరు కొత్త కాకపోవచ్చు. 1516లో బాసెల్ నగరంలో గ్రీకు కొత్త నిబంధనను అచ్చు వేయించిన ఎరాస్మస్ ఈయనే. మార్టిన్ లూథర్ కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చినప్పుడు దగ్గర పెట్టుకున్నది ఆ గ్రీకు పాఠం రెండో ముద్రణే. రాటర్‌డామ్ మనిషి అయిన ఎరాస్మస్ పారిస్‌లో చదివాడు, కేంబ్రిడ్జిలో బోధించాడు, లూవెన్‌లో ఉన్నాడు, బాసెల్‌లో కన్నుమూశాడు. పారిస్ కాలేజీలో పెట్టిన తిండి గురించి ఆయన తర్వాత గట్టిగానే ఫిర్యాదు చేశాడు. హాస్టల్ భోజనం మీద ఫిర్యాదులు ఐదొందల ఏళ్ల నాటివన్నమాట.

ఈ పథకంలో అన్నిటికంటే ముఖ్యమైన కాగితం లెర్నింగ్ అగ్రిమెంట్. అక్కడ చదవబోయే ప్రతి సబ్జెక్టు పేరు, దాని క్రెడిట్లు, దాని బదులు ఇక్కడ ఏ సబ్జెక్టు చదివినట్టు లెక్కవేస్తారో ఆ కాగితంలో రాస్తారు. విద్యార్థి, ఇక్కడి కాలేజీ, అక్కడి యూనివర్సిటీ ముగ్గురూ సంతకం పెడతారు. వేరే ఒప్పందాల మీద వెళ్లేవారికి ఇదే పేరుతో కాగితం ఉండకపోవచ్చు. అప్పుడు విద్యార్థే అలాంటి పట్టిక ఒకటి తయారు చేసి, హెచ్‌ఓడీ చేతా పరీక్షల విభాగం చేతా సంతకం చేయించుకోవాలి. హెచ్‌ఓడీ ఒక్కరి సంతకం చాలదు. ఆయన బదిలీ కావచ్చు, పదవి మారవచ్చు. మెమో మీద క్రెడిట్లు ఎక్కించేది పరీక్షల విభాగం.

సబ్జెక్టు పేరు చూసి నిర్ణయానికి రావద్దు. "కంట్రోల్ సిస్టమ్స్" అన్న పేరు రెండుచోట్లా ఒకటే కావచ్చు, లోపల చెప్పేది వేరు కావచ్చు. అక్కడి యూనివర్సిటీలు ప్రతి కోర్సుకూ ఒకటి రెండు పేజీల వివరణ ఇస్తాయి. ఏ పాఠాలు, వారానికి ఎన్ని గంటలు, ముందుగా ఏం చదివి ఉండాలి, పరీక్ష ఎలా పెడతారు, ఏ భాషలో చెబుతారు అన్నవి అందులో ఉంటాయి. భాష సంగతి తప్పక చూడాలి. కోర్సు పేరు ఇంగ్లీషులో ఉన్నంత మాత్రాన పాఠం ఇంగ్లీషులో ఉంటుందని కాదు. ఆ కోర్సు ఏ సెమిస్టర్‌లో నడుస్తుందో కూడా చూడాలి. చాలా కోర్సులు ఏడాదికి ఒక్కసారే ఉంటాయి. మన సిలబస్ పక్కన ఆ పేజీలు పెట్టి, యూనిట్ వారీగా పోల్చి హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్తే ఆయనకూ పని తేలికవుతుంది. ఉత్తచేతులతో వెళ్తే వచ్చే జవాబు "చూద్దాంలే".

ఇక క్రెడిట్ల లెక్క. తల్లిదండ్రులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. యూరప్‌లో ఏడాదికి 60 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. క్లాసులో కూర్చున్నది, గదిలో చదువుకున్నది, పరీక్షకు తయారైనది అన్నీ ఆ గంటల్లోకే వస్తాయి. మన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ఏడాదికి 1200 గంటలు, 40 క్రెడిట్లు అంటోంది. అంటే క్రెడిట్‌కు 30 గంటలు. కానీ మన కాలేజీల్లో చాలాకాలంగా నడుస్తున్న పద్ధతిలో వారానికి ఒక గంట లెక్చర్ ఉంటే ఒక క్రెడిట్. అక్కడి 6 క్రెడిట్ల కోర్సు ఇక్కడ ఎన్నిగా మారుతుందో ఒక కాలేజీ ఒకలా, మరో కాలేజీ మరోలా లెక్కిస్తుంది. కాబట్టి ఆ మార్పిడి లెక్కనూ, అక్కడి గ్రేడును ఇక్కడి గ్రేడుగా ఎలా మారుస్తారో దాన్నీ ముందే రాయించుకోవాలి.

"ఇక్కడ ఏడు సబ్జెక్టులు చదివేవాడు, అక్కడ నాలుగేనా?" అని ఒక తండ్రి మా ఎదుటే కొడుకును నిలదీశారు. స్వీడన్‌లో ఎన్నో కోర్సులు ఒక్కోటి ఏడున్నర క్రెడిట్లు. నాలుగు తీసుకుంటే సెమిస్టర్ నిండిపోతుంది. ఒక్కో కోర్సును ఐదేసి వారాల్లో ముగించి, పరీక్ష పెట్టి, తర్వాతి కోర్సు మొదలుపెట్టడం కూడా అక్కడ ఉంది. నాలుగంటే తక్కువ కాదు. ఇంటి దగ్గర మాట పడకూడదని ఆరేడు కోర్సులు నమోదు చేసుకుని, డిసెంబరు వచ్చేసరికి ఊపిరాడక రెండు వదిలేసిన పిల్లలున్నారు. వదిలేసిన సంగతి ఇంట్లో చెప్పలేక దాచినవారూ ఉన్నారు. అమెరికా వెళ్లినవారైతే ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. అక్కడ డిగ్రీ స్థాయి విద్యార్థికి సాధారణంగా సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగకుండా ఒక కోర్సు వదిలేస్తే వీసాకే చిక్కు వస్తుంది.

క్యాలెండర్ మరో గండం. జర్మనీలో శీతాకాలపు సెమిస్టర్ అక్టోబరులో మొదలవుతుంది. క్లాసులు ఫిబ్రవరి దాకా నడుస్తాయి, పరీక్షలు ఆ తర్వాత కూడా ఉండవచ్చు. మన కాలేజీల్లో ఆపాటికి తర్వాతి సెమిస్టర్ సగానికి వచ్చేస్తుంది. అంటే ఒక్క సెమిస్టర్ అని వెళ్లి, ఇక్కడ రెండు సెమిస్టర్లకు చేటు తెచ్చుకునే ప్రమాదం ఉంది. అమెరికాలో ఆగస్టు చివర మొదలై డిసెంబరు మధ్యకు ముగిసే సెమిస్టర్ మన క్యాలెండర్‌కు దగ్గరగా ఉంటుంది. జర్మనీయే వెళ్లాలనుకుంటే, చేతి పరీక్ష బదులు టర్మ్ పేపర్ గానీ మౌఖిక పరీక్ష గానీ ఉన్న కోర్సులు చూసుకోవచ్చు. తేదీ ముందుకు జరపడం వీలవుతుందేమో మొదటి వారంలోనే ప్రొఫెసర్‌ను అడగవచ్చు. ఫిబ్రవరిలో అడిగితే ఆయనా ఏమీ చేయలేడు.

జర్మనీ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన దగ్గర హాజరు 75 శాతం ఉండి ఫీజు కడితే హాల్ టికెట్ వస్తుంది. అక్కడ లెక్చర్లకు చాలాచోట్ల హాజరు వేయరు, కానీ పరీక్షకు విడిగా పేరు నమోదు చేసుకోవాలి. దానికి గడువు ఉంటుంది. క్లాసులన్నీ విన్నాను కదా అని ఊరుకుంటే పరీక్ష రాయనివ్వరు. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు నమోదు కావడం వేరు.

సెమిస్టర్ మొదలైన కొద్ది వారాల్లో కోర్సులు మార్చుకునే వీలు ఉంటుంది. టైమ్‌టేబుల్‌లో రెండు క్లాసులు ఒకే సమయానికి పడటం, ఒక కోర్సులో సీట్లు నిండిపోవడం మామూలే. అందుకే ఐదు కావాలంటే ఎనిమిదింటికి ఇక్కడే ఆమోదం తీసుకుని వెళ్లడం మంచిది. అక్కడికెళ్లాక మార్చుకుంటే మార్పు కాగితం మీద కూడా మళ్లీ అందరి సంతకాలూ పడాలి. మెయిల్ పంపి జవాబు రాకపోతే ఇంట్లోవాళ్లే ఇక్కడి కాలేజీకి వెళ్లి సంతకం తేవచ్చు. తల్లిదండ్రులు నిజంగా చేయగల సాయం ఇది.

ఇంతా చెప్పి, అన్నీ ఇక్కడి సిలబస్‌కు అచ్చుగుద్దినట్టు ఉండేవే తీసుకోమని మేము అనం. అలాగైతే అంత దూరం వెళ్లడం ఎందుకు? కోర్ సబ్జెక్టులు ఇక్కడే పూర్తి చేసి, ఎలక్టివ్‌లు ఎక్కువగా ఉన్న సెమిస్టర్‌లో వెళ్తే కొంత స్వేచ్ఛ ఉంటుంది. మన కాలేజీలో లేనిది ఒక్కటైనా అక్కడ చదవాలి. ఆ దేశపు భాష మొదటి మెట్టు నేర్పే క్లాసుకు ఇక్కడ క్రెడిట్ రాకపోయినా కూర్చోవాలి. కూరగాయల కొట్టులో, ఆసుపత్రిలో, ఆదివారం ఆరాధనలో పనికొచ్చేది అదే.

మొదట చెప్పిన అమ్మాయి మూడు సబ్జెక్టులూ పాసై ఉద్యోగంలో చేరింది. వాళ్ల సంఘం నుంచే ఇంకో అబ్బాయి వచ్చే ఏడాది వెళ్లబోతున్నాడు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ వెనుక బెంచీ మీద సిలబస్ కాగితాలు పరుచుకుని కూర్చున్నారట. ఎనిమిదిలో ఐదింటికి సంతకాలు పడ్డాయి. మిగతా మూడింటి కోసం హెచ్‌ఓడీ గారు మంగళవారం రమ్మన్నారు.