దాచిన లెక్కను మాట్లాడించే విద్య: డేటాబేస్ నుంచి డేటా విశ్లేషణకు

నేను డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌గా, అంటే డి.బి.ఏ.గా పనిచేస్తున్నాను. ఇప్పుడు బిజినెస్ ఇంటెలిజెన్స్ కూడా నేర్చుకుంటున్నాను. సంస్థల లెక్కల్లోంచి నిర్ణయాలకు పనికివచ్చే సంగతులు రాబట్టే విద్య ఇది. "ఈ రెండింటికీ తేడా ఏమిటి? మా అబ్బాయిని ఏ కోర్సులో చేర్పించాలి?" అని యానాంలో తల్లిదండ్రులు అడుగుతున్నారు. నాకు తెలిసినంతలో వివరిస్తాను.

మనందరికీ తెలిసిన గోదావరి వరదనే తీసుకుందాం. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వదిలే నీరు 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇస్తారు. ఇలాంటి అంకెలు కంప్యూటర్లో పోకుండా, అధికారం లేనివారు మార్చకుండా, అడిగిన వెంటనే దొరికేలా చూడటం డి.బి.ఏ. పని. అంకెలను పట్టికలుగా అమర్చే రిలేషనల్ పద్ధతిని 1970లో ఐ.బి.ఎం.లో పనిచేసిన ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించారు. ఆ పట్టికలను ప్రశ్నించే భాష ఎస్.క్యూ.ఎల్.

విశ్లేషకుడి పని ఆ తర్వాత మొదలవుతుంది. మొదటి హెచ్చరిక తర్వాత రెండవదానికి ఎన్ని గంటలు పట్టింది? యానాం వీధుల్లోకి నీరు వచ్చేలోగా సామాను, పశువులను తరలించడానికి ఎంత వ్యవధి ఉంటుంది? వీటికి ఒక్క రోజు అంకె సరిపోదు, ఏళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టాలి. అయితే నడుస్తున్న డేటాబేస్‌ను ఇంత పెద్ద ప్రశ్న అడిగితే రోజువారీ పని నెమ్మదిస్తుంది. కౌంటరు ముందు జనం బారులు తీరి ఉండగా గుమస్తాను ఏడాది మొత్తం కూడమన్నట్టే. అందుకే లెక్కలను వేరే చోటికి తీసి, శుభ్రం చేసి, నింపుతారు. దాన్ని డేటా వేర్‌హౌస్ అంటారు.

ఎక్కువ కాలం పట్టేది ఈ శుభ్రం చేసే పనికే. ఒక చోట 'యానాం' అని, మరొక చోట 'యానాము' అని ఉంటే కంప్యూటరు రెండు ఊళ్లుగా లెక్కిస్తుంది.

ఇంకొక జాగ్రత్త. ఏడాది మొత్తం ప్రవాహానికి సగటు కడితే, 1986 ఆగస్టు వరద గానీ 2022 జూలై వరద గానీ ఎండాకాలపు నీటితో కలిసిపోయి చిన్నదిగా కనిపిస్తుంది. ఇళ్లు ముంచేది సగటు కాదు, గరిష్ఠ మట్టం. ఏ లెక్క కట్టాలో సాఫ్ట్‌వేర్ చెప్పదు, మనమే తెలుసుకోవాలి. దుకాణం అమ్మకాలకైనా, ఆసుపత్రి మందుల నిల్వకైనా ఇదే సూత్రం.

ఇక నేర్చుకునే వరుస. ముందుగా ఎక్సెల్‌లో పైవట్ టేబుల్, తర్వాత ఎస్.క్యూ.ఎల్., దానితోపాటు సగటు, మధ్యగతం, శాతం వంటి ప్రాథమిక గణాంక శాస్త్రం. ఆ తర్వాతే పవర్ బి.ఐ., టాబ్లో వంటి సాధనాలు. పోస్ట్‌గ్రెస్, పవర్ బి.ఐ. డెస్క్‌టాప్, టాబ్లో పబ్లిక్ ఉచితంగా దొరుకుతాయి. టాబ్లో పబ్లిక్‌లో ప్రచురించినవి లోకమంతా చూడగలదు గనుక ఇతరుల సొంత వివరాలు అందులో పెట్టకండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. వేల రూపాయల ఫీజు కట్టేముందు పిల్లలను మూడు నెలలు ఉచిత సాధనాలతో సాధన చేయనివ్వండి. ఆసక్తి నిలిస్తే, శిక్షణ సంస్థను రెండు ప్రశ్నలు అడగండి: ఎస్.క్యూ.ఎల్. నేర్పుతారా? శుభ్రం చేయని అసలు లెక్కలతో పని చేయిస్తారా? బొమ్మలు గీయడం మాత్రమే నేర్పేచోట ఉద్యోగం ఖాయమన్న మాట నమ్మి అప్పు చేయవద్దు.

ఇది కంప్యూటర్ సైన్సు వారికే పరిమితం కాదు. బి.కాం. విద్యార్థికి జమాఖర్చులు తెలుసు, జాలరి ఇంటి బిడ్డకు వేట కాలం తెలుసు. మంచి ప్రశ్న అలాంటి అనుభవంలోంచే పుడుతుంది. మన పిల్లలు లెక్కలు భద్రపరచడమే కాక, వాటిని సరిగా ప్రశ్నించగలవారు కూడా కావాలని నా ఆకాంక్ష.