తాతలనాటి కుర్చీలు: విక్రయమునకు ముందు పరీక్ష

ఏరువాక సమీపించి, విత్తనములకును ఎరువులకును రొక్కము చాలక రైతు చింతించు దినములలోనే పాతసామానుల బేరగాండ్రు గ్రామములకు వచ్చెదరు. అటకమీదనో పశువుల కొట్టములోనో పడియున్న తాతలనాటి కుర్చీలను జూచి, “ఇవి పొయ్యిలోనికి దప్ప దేనికిని పనికిరావు” అని పలికి, వంటచెరకు వెలకు కొనిపోవుదురు. ఎద్దు పండ్లు చూచి వయస్సు చెప్పగల రైతు, తన కుర్చీని తలక్రిందుగా త్రిప్పి చూడకయే అమ్ముట తగునా?

కుర్చీ నిజస్వరూపము అడుగుభాగముననే తెలియును. పైన రంగును వార్నీషును కొయ్యను మరుగుపరచును. అడుగున సాధారణముగా ఆ మరుగుండదు. టేకు బంగారుచాయగల గోధుమరంగున నుండి, చేతికి కొంచెము జిడ్డుగా తగులును. ఇరుగుడు ముదురు ఊదాచాయతో, నల్లని చారలతో నుండును, టేకుకంటె బరువైనది. పనస మొదట పసుపుగా నుండి కాలక్రమమున ముదురును. మామిడి త్వరలో పురుగుపాలగును. నాసికొయ్యకు రంగు పూసి ఇరుగుడని నమ్మించుటయు కలదు.

పిమ్మట అతుకులు చూడవలెను. పాతపనిలో ఒక కొయ్యకు తొలిచిన రంధ్రమున రెండవదాని కొనను దూర్చి, కొయ్యచీలతో బిగించెడివారు. చేతిరంపపు గీతలు తిన్నగాను, చక్రపురంపపు గీతలు వంపుగాను ఉండును. తలపై కూడిక గుర్తువంటి గాడిగల మరమేకులు 1930వ దశాబ్దమున వాడుకలోనికి వచ్చినవి. అవి యున్నచో కుర్చీ అంత పాతది కాదు, లేదా పిమ్మట మరమ్మతైనది. చేతులు ఆను చోటను, పాదములు మోపు అడ్డకొయ్యమీదను అరుగుదల యుండుట సహజము. అంతటను సమముగా అరిగినచో అనుమానింపవలెను.

గుండ్రని పేముఅల్లిక ఆసనముతో, వెనుకకాళ్లును వీపును ఒకే కడ్డీగా వంగియుండు కుర్చీలు కొన్ని యిండ్ల గలవు. వియన్నా నగరపు థోనెట్ సంస్థవారు 1859లో వెలువరించిన 14వ నంబరు కుర్చీ వీనికి మాతృక. 1869లో వారి ప్రత్యేకహక్కు ముగియగా ఇతరులును చేయసాగిరి. కావున ఆసనపు చట్రము లోపల ముద్రగాని చీటిగాని యున్నదేమో వెదకుడు. ఉన్నచో దానిని గీకకుడు.

ఈ విషయమున మేమే యొక తప్పు చేసితిమి. మా తండ్రిగారి చేతులకుర్చీని బాగుచేసి అమ్మదలచి, గరుకుకాగితముతో రుద్ది క్రొత్త వార్నీషు పెట్టించితిమి. కొనవచ్చిన పెద్దమనిషి చూచి, “అయ్యా, నేను కొనదలచినదానినే మీరు గీకివేసితిరి” అని మరలిపోయెను. ఆ కుర్చీ నేటికిని మా యింటనే యున్నది. పొడిగుడ్డతో దుమ్ము తుడుచుటకంటె ఎక్కువ చేయవలదు.

ఆరు కుర్చీల జత యొక్కచోట నున్నచో విడివిడి కుర్చీలకంటె ఎక్కువ వెల పలుకును. అన్నదమ్ములు పంచుకొని తలకు రెండు అమ్మినచో అందరును నష్టపోవుదురు. కలిపి యమ్మి, రొక్కము పంచుకొనుడు. తొలుత నమ్మకమైన వడ్రంగిచేత కొయ్యవెల కట్టించుడు. అంతకు తక్కువ ఒప్పుకొనవలదు. పిదప పట్టణమున మువ్వురిని అడిగి చూడుడు.

చట్టమును మరువరాదు. 18వ శతాబ్దమున విశాఖపట్టణము దంతము పొదిగిన సామానులకు ప్రసిద్ధి కెక్కెను. అట్టి దంతపుపని మీ కుర్చీయందున్నచో బేరము పెట్టకుడు; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1986లోను 1991లోను సవరించిన పిమ్మట దంతపు వ్యాపారము నిషిద్ధము. నూరేండ్లు దాటిన కళాఖండములను ప్రైవేటువారు విదేశములకు పంపుటను 1972 నాటి పురావస్తువుల చట్టము నిషేధించినది.

బేరగాడు “నేడే ఇయ్యవలెను” అని తొందరపెట్టినచో, పదిదినములాగి రమ్మనుడు. విత్తనముల రొక్కమునకు సంఘమున పంటఋణము అడుగవచ్చును. తాతగారి కుర్చీ మరల దొరకదు.